కాలు తగిలితే

రాయగడలో ఆడపిల్లల ఫుట్‌బాల్ టీముకు మనుషుల్ని ఎంచుతారన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు మా వీధి నీళ్ళ మావ. ఒడిశాలో మా జయపురం మునిసిపాలిటీలో కుళాయి వాల్వులు తిప్పడం ఆయన పని. మా నాన్న పంపుహౌసులో మోటారు చూసేవాడు కాబట్టి మా గుమ్మం దగ్గర రోజూ ఒక గ్లాసు టీ ఆయనకి ఉండేది. ఆ పొద్దున టీ కూడా అడగకుండా, వాల్వు తిప్పే ఇనప ఊచ భుజాన పెట్టుకునే నిలబడ్డాడు.

"ఒలే అమ్మీ, ఇన్నావా? భువనేశ్వర్‌నుంచి పెద్ద టీమోళ్ళు రాయగడ వస్తన్నారంట. ఆడగుంటల్ని పరుగెట్టించి సూసి, బాగా ఆడినోళ్ళని అట్టుకుపోతారంట. నువ్వెల్తావేటి?"

"ఎవరు సెప్పేరు మావా?"

"ఎవరు సెప్తే నీకేటి? ఇరవై దినాలుంది. ఈలోపల ఆ వంగుడు మానుకో, సాలు."

ఆయన నవ్వుతూనే అన్నాడు. ఆ వంగుడు సంగతి మా వీధిలో అందరికీ తెలుసు.

నేను చాలా ఏళ్ళు స్టాపరుగా ఆడాను. గోలు ముందు నడిమధ్యన నిలబడి, వచ్చేవాళ్ళ దగ్గర బంతి లాక్కునే పని. అది నా అన్నం అయింది, నా పేరు అయింది. ఎవరైనా నా ఆట గురించి అడిగితే ఆడిన మైదానాల గురించి చెప్పాలనుకుంటాను. చెప్పడం మొదలుపెడితే మాత్రం మా ఇంటి ఒకే ఒక్క గది దగ్గరికే వెళ్ళిపోతాను.

మునిసిపాలిటీ క్వార్టర్సులో ఒక గది, ఒక వంట మూల. అందులో అమ్మ, నాన్న, నేను, తమ్ముడు, మంచాన పడిన మా మామ్మ. అమ్మ ఆసుపత్రిలో ఆయాగా వెళ్ళేది. మామ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి నేను బడికి వెళ్ళలేదు. సాయంత్రం అమ్మ వచ్చి, గచ్చు మీద సుద్దముక్కతో తెలుగు అక్షరాలు, వాటి పక్కనే ఒడియా అక్షరాలు రాసి దిద్దించేది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ గచ్చు చలవే. బడికి పంపలేదని నాకు అమ్మ మీద ఎప్పుడూ కోపం రాలేదు.

ఆ గదిలో ఎటు నడిచినా ఎవరికో ఒకరికి కాలు తగిలేది. మామ్మ మంచానికి, తమ్ముడి పుస్తకానికి, నిద్రపోతున్న నాన్నకి. తగిలిన వెంటనే వంగి, తగిలిన చోటు వేళ్ళతో తాకి, కళ్ళకద్దుకోవాలి. అందరి ఇళ్ళల్లోనూ ఉన్నదే. కానీ మా ఇంట్లో మామ్మ కాపలా ఉండేది. కళ్ళు మూసుకుని పడుకున్నట్టే ఉండి, "అమ్మీ, మంచం కోడు తన్నేవు" అనేది. రోజుకి వందసార్లు వంగేదాన్ని. వంగుతున్నట్టు నాకే తెలిసేది కాదు.

పంపుహౌసు వెనక ఖాళీ స్థలంలో హాస్టలు పిల్లలు బంతి ఆడేవాళ్ళు. కాశీపూర్, లక్ష్మీపూర్ వైపు కొండల నుంచి వచ్చి చదువుకునే ఆడపిల్లలు. మధ్యాహ్నాలు మామ్మ నిద్రపోయాక నాన్నకి అన్నం పట్టుకుని వెళ్ళేదాన్ని. బంతి గోడ దాటి వచ్చినప్పుడల్లా చేత్తో విసిరి ఇచ్చేదాన్ని. ఒకరోజు తన్ని ఇచ్చాను. వాళ్ళ ఆటల సారు గోడ మీంచి తొంగిచూసి, "వెనక నిలబడతావా?" అన్నాడు. హాస్టలు పిల్లలందరికీ గోలు కొట్టాలనే ఉండేది. వెనక నిలబడడానికి ఎవరూ లేరు. నాకు నిలబడడం అలవాటే. నాన్న మోటారు గదిలోంచి చూసి ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడానికి నేను ఆయనకి ఎంతో రుణపడ్డాను.

ఆ పిల్లల్లో కాశీపూర్ వైపు పిల్ల ఒకతె ఉండేది. నా ఈడుదే. ముందు వరసలో ఆడేది. బంతి తన కాలికి దారం కట్టి ఉన్నట్టు పరిగెత్తేది. మేము మా కొండల వైపు ఒడియా యాస, దేశియాలో మాట్లాడుకునేవాళ్ళం. ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను. నాకు "పూజారుణి" అని పేరు పెట్టింది తనే. ఎందుకంటే ఆటలో ఎవరికి కాలు తగిలినా నేను వంగి దండం పెట్టేదాన్ని.

దాంతో మొదట అందరూ నవ్వుకున్నారు. కొట్పాడ్ దగ్గర ఖాసి మాచ్ తర్వాత నవ్వులు ఆగిపోయాయి.

వరికోతలు అయ్యాక మా వైపు ఊరూరా మేకపోతును పందెంగా పెట్టి ఫుట్‌బాల్ ఆడిస్తారు, అదే ఖాసి మాచ్. గెలిచిన టీము మేకను తోలుకెళ్ళి వండుకుంటుంది. ఆ రోజు మేకపోతు మెడలో బంతిపూల దండతో గోలు పక్కన గూటానికి కట్టేసి ఉంది. డోళ్ళు మోగుతున్నాయి. చెరొక గోలు, ఇంకా కాసేపే ఉంది ఆట. వాళ్ళ పిల్ల బంతి తీసుకుని నా మీదికి వచ్చింది. అడ్డం వెళ్ళాను. బంతి ఆగింది, నా ముందే, జానెడు దూరంలో. కానీ నా కాలు ఆ పిల్ల పిక్కకి తగిలింది. నేను వంగాను. పిక్క తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుని లేచేసరికి బంతి లేదు. ఆ పిల్లా లేదు. నా వెనక ఊరంతా అరుస్తోంది.

ట్రాక్టరులో తిరిగొచ్చాం. దారిలో కాశీపూర్ పిల్ల అంది. "మన కూర వాళ్ళ కుండలోకి ఎక్కించావు కదే పూజారుణీ. మేకకి కూడా దండం పెట్టి రావలసింది."

సారు నవ్వలేదు. రాయగడ సంగతి ఆయనకీ అప్పటికే తెలిసింది. "అక్కడ ఒక్కసారి వంగావంటే నీ నంబరు కొట్టేస్తారు. నీతోపాటు నా మాటా పోతుంది. ఈ మిగిలిన రోజుల్లో మానకపోతే నిన్ను తీసుకెళ్ళను" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే మామ్మ మంచం మీంచి లేవబోయింది. "మడిసిని తన్నీసి, దండవెట్టకండా పోతే అది ఆటేటే? పోట్లాట."

"దండవెడితే ఆల్లు నన్ను రాయగడ పంపరు మామ్మా."

"పంపకపోతే పోనీ. సేసిన తప్పుకి దండవెట్టనిదానివి, ఏ ఊరెల్తే ఏటి?"

ఆ గదిలోంచి బయటికి వెళ్ళే దారి నాకు అదొక్కటే ఉంది. నాకు రాయగడ కావాలి. మామ్మ మాట కూడా కావాలి. రెండూ వదులుకోకూడదని ఆ సాయంత్రమే గట్టిగా అనుకున్నాను. ఎలాగో మాత్రం తెలియలేదు.

సారు ఒక ఉపాయం చేశాడు. చెరొక పిడికిట్లో ఒక నిమ్మకాయ పెట్టి, అవి వదలకుండా ఆడమన్నాడు. చేతులు ఖాళీగా లేకపోతే వంగనని. నేను నిమ్మకాయతోనే వంగి, నిమ్మకాయతోనే మోకాలు తాకి, నిమ్మకాయే కళ్ళకద్దుకున్నాను. రెండో రోజుకి కాయలు నలిగి రసం కళ్ళల్లో పడింది. కన్నీళ్ళతో మైదానంలో గుడ్డిదానిలా తిరుగుతుంటే పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు.

కాశీపూర్ పిల్ల నా కళ్ళమీద నీళ్ళు కొట్టి, తన చొక్కా అంచుతో తుడిచి, "కాలు తగిలితే కదా వంగుతావు? తగలనీకు" అంది.

"తగలకుండా బంతి ఎలా వస్తుంది?"

"వస్తుంది. నేను వస్తాను, నువ్వు తీసుకో."

ఆ రోజు నుంచి ఆట అయిపోయాక మిగతావాళ్ళు హాస్టలుకి వెళ్ళిపోయేవాళ్ళు. వార్డెన్‌ను బతిమాలుకుని తను ఉండిపోయేది. బంతి తీసుకుని నా మీదికి వచ్చేది. మళ్ళీ వచ్చేది. నా కాలు తగిలిన ప్రతిసారీ ఆగి, కాలు ముందుకు చాపి, "కానీ, పూజ చెయ్" అనేది. నేను వంగి, అద్దుకుని లేచేదాకా నిలబడేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మొదటి రోజు నా నడుం పడిపోయింది.

"నా కళ్ళు చూడకు. భుజాలు చూడకు. అవి అబద్ధం చెప్తాయి" అనేది. "బంతిని చూడు. పరుగులో బంతి నా కాలి నుంచి జానెడు విడిపోతుంది చూడు, అప్పుడు అది నాదీ కాదు, నీదీ కాదు. అప్పుడు రా. అంతకు ముందు వచ్చావంటే నా కాలే దొరుకుతుంది."

ఆగడం నేర్చుకున్నాను. మీదికి దూకాలనిపించినప్పుడు రెండడుగులు వెనక్కి వేయడం, తను ఎటు తిప్పినా పక్కపక్కనే పోవడం, ఆ జానెడు కోసం కాచుకోవడం. వారం దాటేసరికి రోజుకి పదిసార్లు వంగుతున్నాను. మరో నాలుగు రోజులకి మూడుసార్లు. పొద్దున దీపం పెట్టినప్పుడు, టీములోకి రానివ్వమని కాదు, నా కాలు బంతి దగ్గరికే పోనీ తల్లీ అని అడిగేదాన్ని.

అయినా ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది కదా. వెళ్ళే ముందురోజు మామ్మకి అన్నం తినిపిస్తూ అడిగాను. "ఆట అయిపోయేక దండవెడితే ఒప్పుతాదేటి మామ్మా?"

మామ్మ ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. "దేవుడికి తొందరేటుంది?" అంది చివరికి. "కానీ ఎవలికి తగిలిందో మర్సిపోకు."

జయపురంలో రైలెక్కాం. కోరాపుట్ దాటాక సొరంగాలు. సొరంగంలోకి రైలు వెళ్ళినప్పుడల్లా పిల్లలు గొంతులు చించుకుని అరిచారు, చీకటి కాబట్టి సారు ఎవర్నీ తిట్టలేకపోయాడు. రాయగడలో దిగగానే మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్ళమని నేనే అడిగాను. కొబ్బరికాయ కొట్టి మైదానానికి వెళ్ళాం.

అక్కడ మాకు నంబర్ల బనియన్లు ఇచ్చి రెండు టీములుగా విడగొట్టారు. నేను ఒక వైపు, కాశీపూర్ పిల్ల రెండో వైపు. ఎంచడానికి వచ్చిన మేడమ్ చేతిలో పుస్తకంతో గీత పక్కన నిలబడింది. సారు ముఖం వాడిపోయింది. నా ముఖం చూసి కాశీపూర్ పిల్లే దగ్గరికి వచ్చింది.

"ఇవాళ నేను నిజంగా వస్తాను" అంది. "నువ్వు నిజంగా ఆపు. జాలిపడి వదిలావంటే మళ్ళీ నీ మొహం చూడను."

తను నిజంగానే వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు ఆ జానెడు నాకు కనిపించింది, బంతి తీసేశాను. రెండోసారీ తీసేశాను. ఆ మైదానంలో ఇంకే పిల్లా తనను ఆపగలిగేది కాదు. నేను ఆపగలిగాను. తను ఎటు తిరుగుతుందో, ఏ కాలు ముందు పడుతుందో అంతా తనే నాకు చెప్పి ఉంది. మూడోసారి బంతి తీసుకుంటూ తన ముఖం చూశాను. పళ్ళు బిగించి ఉంది. మేడమ్ పుస్తకంలో ఏదో రాసుకుంది. అది నా గురించే. తన గురించి కాదు. నాకు తెలుసు.

ఆట అయిపోవడానికి కొంచెం ముందు నాలుగోసారి వచ్చింది. ముందటికంటే వేగంగా వచ్చింది. ఆ జానెడు విడిపోయిందనుకుని కాలు చాపాను. బంతి తగిలింది, దాని వెనకే తన ఎముక కూడా తగిలింది. తను నేలమీద పడింది. బంతి మా ఇద్దరి మధ్యన, మెల్లగా, గోలు వైపు దొర్లుతోంది.

నా చెయ్యి కిందికి వెళ్ళింది. మోకాలి దాకా వెళ్ళింది. తను పడిన చోటు నుంచే, నొప్పితో, "బంతి! బంతి!" అని అరిచింది. తన టీము కోసం కాదు, నాతోనే అంటోంది. చెయ్యి ఆపేశాను. బంతిని గీత అవతలికి తన్నేశాను.

ఆఖరి విజిల్ వేశాక పరిగెత్తుకుంటూ వెళ్ళి తన ముందు వంగాను. తను కాలు లాగేసుకుంది.

"నీ పూజ నాకొద్దు" అంది. "తప్పు చేసినవాళ్ళు పెట్టాలి దండం. నువ్వు తప్పు చేయలేదు. లే."

మేడమ్ నన్ను పిలిచింది. "ఏ స్కూలు?"

"ఇంట్లోనే మేడమ్."

"ఇంట్లోనా? ఈ బంతి తీయడం కూడా ఇంట్లోనే నేర్చుకున్నావా?"

వేలు పెట్టి కాశీపూర్ పిల్లను చూపించాను. "ఆ అమ్మాయి నేర్పింది." మేడమ్ అటు చూసి, తలూపి, మళ్ళీ పుస్తకంలోకి చూసింది. పిలిచిన నంబర్లలో నాది ఉంది, తనది లేదు. తిరుగు రైల్లో తను సొరంగాల్లో అందరికంటే గట్టిగా అరిచింది. కుంటుతూ తనే నా సంచి మోసింది.

మామ్మని చూసుకోవడానికి అమ్మ రాత్రి డ్యూటీకి మారింది, నేను భువనేశ్వర్ వెళ్ళాను. తర్వాత నా ఆట చాలా ఏళ్ళు సాగింది. మొదటి బూట్లు కరిచి మడమలు పుళ్ళయ్యాయి. అప్పటిదాకా ఉత్త కాళ్ళతోనే ఆడాను. మొదటి ఏడాది అంతా బెంచీ మీదే కూర్చున్నాను. నేను మెత్తగా ఆడతానని, మనిషిని భయపెట్టనని కోచ్‌కి అసంతృప్తి. "స్టాపర్ అంటే ఎదుటివాళ్ళు నిన్ను చూసి దారి మార్చుకోవాలి" అనేవాడు. ఆట చూపించాలి గానీ మాట ఎందుకు అనుకునేదాన్ని. రోజూ అందరికంటే ముందు మైదానానికి వెళ్ళేదాన్ని. రెండో ఏడాది మధ్యలో ఒక పిల్లకి కాలు బెణికితే నన్ను దింపారు. మళ్ళీ కూర్చోబెట్టలేదు.

నేను బంతి కోసమే వెళ్ళేదాన్ని. కాచుకునేదాన్ని. కాచుకోవడం వల్ల ఓడిన రోజులూ ఉన్నాయి. ఒకసారి సెమీఫైనల్లో నేను ఆ జానెడు కోసం చూస్తూ ఉండిపోయాను, ఆ అమ్మాయి నన్ను దాటి గోలు కొట్టేసింది. కోచ్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. అయినా నా పద్ధతి మార్చుకోలేదు.

మామ్మకిచ్చిన మాట కూడా తప్పలేదు. ఆట అయ్యాక, కాలు తగిలిన ప్రతి అమ్మాయినీ వెతుక్కుంటూ వెళ్ళి, భుజమో మోకాలో తాకి అద్దుకునేదాన్ని. మొదట్లో కొందరు వెక్కిరిస్తున్నానని గొడవకొచ్చారు. మణిపూర్ అమ్మాయి ఒకతె తోసేసింది కూడా. రెండేళ్ళకి ఆ అమ్మాయే విజిల్ పడగానే మోకాలు ముందుకు చాపి, "దీదీ, ఇక్కడొకటి, ఇక్కడొకటి, జల్దీ, బస్సు వెళ్ళిపోతుంది" అనేది.

ఒక ఎండాకాలం ఎవరూ తగలకుండానే, ఒట్టినే తిరగబోతే, నా మోకాలు లోపల ఏదో పుటుక్కుమంది. ఆపరేషను చేశారు. మళ్ళీ నడక, మళ్ళీ పరుగు, ఏడాదిపైన. అందరూ వద్దన్నా తిరిగి వెళ్ళి రెండేళ్ళు ఆడాను. ఒక పొద్దున మెట్లు దిగుతుంటే మోకాలు నా మాట వినలేదు. అదే పూట కోచ్ దగ్గరికి వెళ్ళి చాలని నేనే చెప్పాను. దేవుడు ఇంతకాలం ఇచ్చాడు. ఇంకా ఇవ్వలేదని అడగడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు జయపురంలో, అదే పంపుహౌసు వెనక, ఆడపిల్లలకి ఆట నేర్పుతున్నాను. కిందటేడు కాశీపూర్ వైపు నుంచి ఇద్దరు పిల్లలు వచ్చారు. మొదటి రోజే చూశాను. మీదికి దూకరు. వెనక్కి రెండడుగులు వేసి కాచుకుంటారు. ఎవరు నేర్పారని అడిగితే, "మా హాస్టలు వంటమ్మ" అన్నారు.

ఆ ఆదివారమే బస్సెక్కాను. హాస్టలు వంటగదిలో తనే, పెద్ద డేగిసాలో పప్పు కలుపుతోంది. కొంచెం ఒళ్ళు చేసింది. నన్ను చూసి గరిట కూడా వదల్లేదు.

"మోకాలు ఎలా ఉంది?"

"వంగడం లేదు."

"పోనీలే. ఇన్నాళ్ళకి మానేశావన్నమాట" అంది, ఇద్దరం పొయ్యి దగ్గర కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

అన్నాలు అయ్యాక అడిగాను, ఇన్నేళ్ళూ అడగలేనిది. ఆ రోజు నేను ఒక్కసారైనా వదిలేసి ఉంటే?

"మరుసటేడు నేను మళ్ళీ వెళ్ళాను, నీకు తెలీదు" అంది. "అక్కడ స్టాపర్లు బంతి చూడలేదు, నా కాళ్ళే చూశారు. చీలమండ విరగ్గొట్టారు. అప్పుడు అనుకున్నాను, నీ చేతిలో ఓడిపోవడమే నయమని." చేతులు తుడుచుకుంది. "బాధ లేదని అనను. రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా ఏడ్చాను. చీకట్లో అరిస్తే ఏడుపు ఎవరికీ తెలీదు. కానీ నువ్వు వదిలేసి ఉంటే ఇద్దరం ఇంటికొచ్చేవాళ్ళం కదే. ఒక్కత్తివైనా వెళ్ళావు."

ఇవన్నీ రాస్తానన్నాను. రాసుకోమంది, పేరు మాత్రం వద్దంది. పిల్లలు చదివి ఏడిపిస్తారట. అందుకే తన పేరు లేదు, తన పేరు లేని చోట నా పేరూ ఎందుకని ఎవరి పేరూ రాయలేదు.

చదివిన మీకు ఒక్క విన్నపం. నా ఆట మీకు గుర్తుండకపోయినా పరవాలేదు. కాశీపూర్ దగ్గర ఒక హాస్టలులో, రేపు సాయంత్రం కూడా, వంట గిన్నెలు కడిగాక ఒకామె విరిగి అతికిన చీలమండతో పిల్లల మీదికి బంతి తీసుకుని పరిగెడుతుంది, తీసుకోండి తీసుకోండి అంటూ. మీ ఇంట్లో దీపం పెట్టుకునే వేళ ఆమెను ఒక్కసారి తలుచుకోండి.